ఒక చుక్క తప్పు చోట పడినందుకు

నిన్న రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు మా అమ్మాయి తన కంచంలో ఓ మూలన ఉన్న ఉడికించిన బీట్‌రూట్ ముక్కను ఎవరూ అడగకుండానే నోట్లో వేసుకుని, ఎర్రబడిన నాలుకను అద్దంలో చూసుకోవడానికి పరుగెత్తింది. తిరిగి వచ్చి ఇంకో ముక్క తీసుకుంది. నేను ఏమీ అనలేదు. మా వారు కూడా ఏమీ అనకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు. ఐదు నెలల కిందట ఇదే కుర్చీలో ఇదే పిల్ల, నేను చెంచా ఎత్తితే చాలు, పెదవులు బిగించి ఏడుపు అందుకునేది. తనను ఆ స్థితికి తెచ్చినవి రెండు: ఒక క్లినిక్కులో ఎవరో కాగితం మీద తప్పు చోట పెట్టిన చుక్క, దాన్ని సరిచూసుకోకుండా నమ్మిన నా తొందరపాటు.

ఆరో నెల నిండాక ఘనాహారం మొదలుపెట్టినప్పుడు మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఏడాదిన్నర దాకా ఏది మెత్తగా చేసి పెట్టినా తిన్నది. రెండేళ్లు దాటాకే పేచీలు మొదలయ్యాయి. మొన్నటి దాకా ఇష్టపడిన క్యారెట్‌ను చూసి మొహం తిప్పుకోవడం, పచ్చగా కనబడిన ప్రతిదాన్నీ వేలితో కంచం అంచుకు నెట్టడం, ముద్దను బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చోవడం మామూలైపోయింది. తొలి ఏడాదిలో పుట్టిన బరువుకు మూడింతలయ్యే పిల్లలు రెండేళ్ల తర్వాత ఏడాదికి సుమారు 2 కిలోలే పెరుగుతారనీ, ఆకలి కూడా ఆ మేరకే తగ్గుతుందనీ, 2 నుంచి 6 ఏళ్ల మధ్య తెలియని తిండిని అనుమానించడం చాలామంది పిల్లల్లో కనిపించే దశేననీ అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే నేను ఇంత దూరం వెళ్లేదాన్ని కాదు.

2 ఏళ్ల 9 నెలలప్పుడు మామూలు పరీక్షకని క్లినిక్కుకు తీసుకెళ్లాం. ఫైలు తీయడం, ఎత్తు కొలవడం, బరువు తూచడం పది నిమిషాల్లో ముగిశాయి. బరువు 11.7 కిలోలు. తూచిన అమ్మాయి ఆ అంకెను ఎదుగుదల చార్టు మీద చుక్కగా పెట్టి మమ్మల్ని లోపలికి పంపింది. డాక్టరు గారు చార్టును చూశారు, పిల్లను చూడలేదు. అన్నిటికంటే కింది గీతకు కూడా దిగువన ఉందని చెప్పి, పోషకాహార సలహాదారు గదికి వెళ్లమన్నారు.

ఆ గదికి తలుపు ఉంది, కానీ ఎవరూ మూయలేదు. బయట వరుసగా కూర్చున్న తల్లులందరికీ లోపలి మాటలు వినబడుతున్నాయి. సలహాదారు ఫైలులోంచి తల ఎత్తకుండానే అడిగారు.

"ఇంట్లో వంట చేస్తారా?"

"చేస్తానండీ."

"రోజూ చేస్తారా?"

ఈ ప్రశ్నకు ఏ తల్లి మాత్రం నిబ్బరంగా జవాబు చెప్పగలదు? చేస్తానన్నాను, కానీ నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. నిన్న పిల్ల ఏమేం తిన్నదో పొద్దుటి నుంచి రాత్రి దాకా వరుసగా చెప్పమన్నారు. చిన్నవాడు పుట్టి అప్పటికి మూడు నెలలు. నిన్న నేనేం తిన్నానో కూడా నాకు గుర్తులేదు. తడబడ్డాను. "చిన్నవాడు పుట్టాక పెద్దదాన్ని పట్టించుకోవడం మానేశారన్నమాట" అన్నారు. బయటి మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ తర్వాత ఆవిడ ఫైలులో ఏదో రాశారు. బల్లకు ఇవతలి వైపు నుంచి తలకిందులుగా చదివాను: "తల్లికి అవగాహన తక్కువ."

పదిహేడేళ్లు చదువుకున్నాను, ఉద్యోగం చేస్తూ ఇద్దరు పిల్లలను కన్నాను, నా గురించి నాలుగు మాటల్లో ఇంత మాట ఎవరూ ఎప్పుడూ రాయలేదు. ఆ రోజు ఆవిడను ఎదిరించి రెండు ప్రశ్నలు అడిగి ఉంటే నాకు ఆరు వారాలు మిగిలేవి. ఎదిరించలేదు. తప్పు చేసినవాళ్లు ఎంత బుద్ధిగా వింటారో అంత బుద్ధిగా విన్నాను. పూటకు పన్నెండు ముద్దలు తప్పనిసరిగా తినిపించాలి, ప్రతి ముద్దా పుస్తకంలో రాయాలి, ఆవిడ వెనుక అరలో పేర్చి ఉన్న డబ్బాల్లోని పొడిని రోజుకు రెండుసార్లు పాలలో కలిపి పట్టాలి. పాలు ఇప్పటికే ఎన్ని తాగుతోందని మాత్రం ఆవిడ అడగలేదు. నేను బయటికి వస్తుంటే వరుసలోని ఒకావిడ తన బాబును ఒడిలోకి లాక్కుంది. అందులో అర్థమేమీ ఉండకపోవచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ అదే కళ్ల ముందు మెదులుతోంది.

తర్వాతి ఆరు వారాల గురించి ఎక్కువ రాయలేను. పన్నెండు ముద్దల కోసం పూటకు గంటన్నర పట్టేది. ఫోనులో బొమ్మలు చూపించాను, బిస్కెట్టు ఆశ పెట్టాను, కూరగాయలను మెత్తగా నూరి తనకు ఇష్టమైన వాటిలో దాచాను. ఒకసారి దొరికిపోయాక ఆ ఇష్టమైనవీ మానేసింది. ఒక రాత్రి మా వారు చేతులు పట్టుకుంటే నేను చెంచా నోట్లో దూర్చాను. తిన్నదంతా వాంతి చేసుకుంది. ఆ రోజు పుస్తకంలో "12" అని రాసి, ఆ తర్వాత కొట్టేశాను. మా అత్తగారు చాలా రోజులు ఓపిక పట్టి చివరికి ఒకే మాట అన్నారు: "నువ్వు దానికి తినిపించడం లేదమ్మా, తూకం వేస్తున్నావు." ఆవిడతో రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నాను.

బిస్కెట్టు ఆశ ఎందుకు పని చేయదో ఇప్పుడు తెలుసు. అమెరికాలో లీయాన్ బర్చ్ అనే పరిశోధకురాలి బృందం 1984లో ప్రచురించిన ప్రయోగంలో, బహుమతి ఇచ్చి ఒక కొత్త పానీయం తాగించిన పిల్లలకు దానిమీద ఇష్టం పెరగకపోగా తగ్గింది. 'ఇది తింటే అది ఇస్తాను' అన్నప్పుడు, మొదటిది తినదగినది కాదని మనమే వాళ్లకు చెబుతున్నాం. ఇక ఆ పొడి సంగతి. డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితాలో చక్కెర రెండో స్థానంలో ఉంది. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు ఆ వరుసలోనే రాస్తారు. చక్కెర రూపంలో అదనంగా చేరే శక్తి రోజు మొత్తంలో 10 శాతానికి లోపే ఉండాలని, 5 శాతానికి లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. కూరగాయల రుచి అలవాటు చేయాల్సిన పిల్లకు నేను రోజుకు రెండుసార్లు తీపి అలవాటు చేశాను, అదీ డబ్బులిచ్చి.

ఆరో వారంలో ఒక రాత్రి చిన్నవాడు లేచి ఏడిస్తే ఎత్తుకుని తిరుగుతూ, నిద్ర రాక ఆ ఫైలు తెరిచాను. అప్పటిదాకా ఆ చార్టును నేను చదవాలని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాల చార్టు. దాని మీద 3, 15, 50, 85, 97 అంకెలతో ఐదు గీతలు వంపు తిరిగి పైకి పోతుంటాయి. నిలువుగా బరువు, అడ్డంగా వయసు. చుక్క 11.7 దగ్గరే ఉంది. దాని నుంచి వేలు కిందికి జార్చితే 3 ఏళ్ల 9 నెలల దగ్గర ఆగింది. మా అమ్మాయికి అప్పటికి 3 ఏళ్లే నిండలేదు.

స్కేలు తెచ్చి మూడుసార్లు గీసి చూశాను. 2 ఏళ్ల 9 నెలల దగ్గర పెడితే ఆ చుక్క 15 గీత పక్కనే పడుతోంది. అంటే ఆరోగ్యంగా ఉన్న వందమంది ఆడపిల్లల్లో సుమారు పదిహేను మంది తనకంటే తక్కువ బరువుంటారు. పాత చుక్కలు కూడా దాదాపు ఆ గీత వెంటే నడుస్తున్నాయి. సన్నని పిల్ల, అంతే. ఊరట కలగాలి గదా? కలగలేదు. వాంతి చేసుకున్న రాత్రి గుర్తొచ్చింది.

మర్నాడే వెళ్లాను. ముందు బల్ల దగ్గరున్న అతను, వివరాలు కంప్యూటరులో ఎక్కాక మార్చడం తన చేతిలో లేదన్నాడు. డాక్టరు గారిని కలవాలంటే మళ్లీ అపాయింట్‌మెంట్ కావాలన్నాడు. రెండు గంటలు కూర్చున్నాను. చివరికి డాక్టరు గారు చార్టును చూసి, నన్ను చూసి, "ఎవరో పొరపాటు పడి ఉంటారు. అయినా సన్నగానే ఉంది కదమ్మా, పొడి ఆపకండి" అన్నారు. క్షమించమన్న మాట ఎవరి నోటి నుంచీ రాలేదు. ఫైలులో నా గురించి రాసిన వాక్యం కొట్టేయమన్నాను. కొట్టేయలేదు. పిల్లల బరువు తూచినప్పుడు బూట్లు, బరువైన బట్టలు తీయించండి. చుక్క ఏ వయసు దగ్గర పెట్టారో మీ కళ్లతో మీరే చూసుకోండి. ఒక్క చుక్కను చూసి కంగారు పడకుండా ముందటి చుక్కలతో కలిపి గీత ఎటు పోతోందో అడగండి. అడిగితే విసుక్కునే చోటికి రెండోసారి వెళ్లకండి.

ఇంతకీ అసలు సమస్యను పట్టుకున్నది ఆ గదుల్లో ఎవరూ కాదు. చిన్నవాడికి టీకా వేయించడానికి వేరే చోటికి వెళ్లినప్పుడు, పెద్దమ్మాయి పాలిపోయి ఉందని చూసి అక్కడి నర్సు ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "పాలు ఎన్ని తాగుతుందమ్మా?" లెక్క పెడితే నాలుగు సీసాలు, రోజుకు దాదాపు లీటరు. చిన్నవాడితో సతమతమవుతూ, పిల్ల మారాం చేసినప్పుడల్లా సీసా చేతికిచ్చేదాన్ని. అంత పాలు పొట్టలో ఉంటే ఇంకేం ఆకలేస్తుందని ఆమె నవ్వింది, కానీ కసురుకోలేదు. పాలలో ఇనుము చాలా తక్కువ. పైగా ఎక్కువగా తాగితే వేరే తిండిలోని ఇనుము ఒంటికి పట్టడాన్నీ తగ్గిస్తాయి. ఈ వయసులో రోజుకు అర లీటరుకు మించి అవసరం లేదు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. ఈ వయసులో 11కు తగ్గితే రక్తహీనతే. లేని బరువు సమస్యకు డబ్బా అంటగట్టినవాళ్లు ఉన్న రక్తహీనతను చూడనేలేదు. అక్కడి డాక్టరు ఇనుము చుక్కల మందు రాసిచ్చారు. మోతాదు వాళ్లే నిర్ణయించాలి; ఎక్కువైతే పిల్లలకు ప్రాణాపాయం, సీసా అందని ఎత్తులో ఉంచాలి.

పాల సీసా తీసేసి, పాలు గ్లాసులో, భోజనం తర్వాతే ఇవ్వడం మొదలుపెట్టాం. నాలుగు రోజులు ఇల్లు దద్దరిల్లింది, ఐదో రోజున ఆకలేస్తోందని తనే వచ్చింది. తన నోటి నుంచి ఆ మాట విని ఎన్ని నెలలైందో!

అమెరికాకే చెందిన ఎల్లిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు దశాబ్దాలుగా చెబుతున్న పద్ధతి ఒకటుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి పిల్లల పని. చదవడానికి రెండు ముక్కలే, పాటించడానికి నా ప్రాణం పోయింది. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిన్న తిండి, ఆ మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ లేదు. ప్రతి పూటా తను తప్పక తినేది ఒకటి బల్ల మీద ఉంటుంది, దాని పక్కన కొత్తది గోరంత ముక్క. ఇరవై నిమిషాలయ్యాక కంచాలు తీసేస్తాం. మిగిలినవి సులువే. కష్టమైంది నోరు మూసుకోవడం. 'ఒక్క ముద్ద' అన్నది నా నోటికి ఊతపదమైపోయింది. 'శభాష్' కూడా ఒత్తిడేనని గ్రహించి దాన్నీ మానుకున్నాను. మా వారైతే మొదటి వారం వంటింట్లోకి వెళ్లి నిలబడి వచ్చేవారు.

ముద్దల పుస్తకాన్ని పారేయలేదు. వెనుక నుంచి తిప్పి, ఏది ఎన్నోసారి కంచంలో పెట్టానో రాయడం మొదలుపెట్టాను, ఎంత తిన్నదో కాదు. కొత్త రుచి అలవాటు కావడానికి పిల్లలకు ఎనిమిది నుంచి పదిహేనుసార్లు దాకా పట్టవచ్చని పరిశోధకులు అంటారు. మనం మూడోసారికే 'దీనికి ఇష్టం లేదు' అని తీర్మానం చేసేస్తాం. మా ఇంట్లో క్యారెట్ పదకొండోసారి, బీట్‌రూట్ పద్నాలుగోసారి. ముట్టుకోవడం, వాసన చూడడం, నాలుకకు తాకించి తీసేయడం కూడా లెక్కే. ఆకుకూర, గుడ్డు, చిక్కుడు గింజలు పెట్టిన పూట ఒక నారింజ తొనో టమాటా ముక్కో పక్కన ఉంచుతున్నాను. వాటిలోని విటమిన్ సి ఇనుము ఒంటబట్టడానికి సాయం చేస్తుంది. ఆకులు కడిగి తుంచే పని తనకే అప్పగించాం, నేలంతా నీళ్లవుతోంది.

మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11.8 వచ్చింది. ఇప్పుడు 3 ఏళ్ల 2 నెలలు, బరువు 12.5 కిలోలు. 15 గీత మీదే, సన్నగానే ఉంది. మొన్న మా ఆడపడుచు వచ్చినప్పుడు ఆమె కొడుకు ఫోను లేనిదే నోరు తెరవనని మొరాయిస్తుంటే, మా అమ్మాయి వాడి కంచంలోని దోసకాయ ముక్కలు కూడా లాక్కుని తిన్నది. నేను ఒక్క మాట అనలేదు. ఈ ఐదు నెలల్లో నేను చేసిన అతి కష్టమైన పని బహుశా అదే.

ఈ ఉదయం ఆ పాత క్లినిక్కు నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. పరీక్షకు సమయమైందని, 4 ఏళ్ల 2 నెలల మా అమ్మాయిని తీసుకురమ్మని రాశారు.