మే నెలలో క్రిస్మస్ పాట
బయట ఎండ పేలిపోతోంది, మా ఇంట్లో మాత్రం క్రిస్మస్!

విజయనగరం గంటస్తంభం దగ్గర పాత సామాన్ల కొట్టులో, ఇత్తడి చెంబుల కింద దొరికింది ఈ తెలుగు క్రిస్మస్ గ్రామఫోన్ రికార్డు. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో తయారైంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డు. వేడి తగిలితే అప్పడంలా వంగిపోతుంది, అందుకే తడి తువ్వాలు కప్పిన సంచిలో, ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చాను. పాడినావిడ పేరున్న చోట లేబుల్‌ని చెదలు తినేశాయి. అదొక్కటే బాధ.

ముల్లు పెట్టగానే ముందు చిటపటలు, తర్వాత హార్మోనియం, ఆ వెనకే సన్నటి గొంతు. వైపుకి మూడు నిమిషాలే.

డిసెంబరు దాకా ఆగలేక చర్చి గ్రూపులో పెట్టేశాను. శ్రీకాకుళం నుంచి ఒక మామ్మగారు ఫోన్ చేసి, "ఇది మా అమ్మ పాడేది బాబూ" అంటూ ఇంకో చరణం పాడారు. రికార్డులో ఆ చరణం లేదు. రాసుకున్నాను.