గొంతు కోసం కిరణాల దారి

బొంగురుపోయిన గొంతు ఎంతకీ బాగుపడకపోతే ఎండోస్కోపీ చేశారు. స్వరతంత్రి మీద చిన్న గడ్డ. బయాప్సీలో తొలి దశ క్యాన్సర్ అని తేలింది. లేజర్ శస్త్రచికిత్స, లేదా రేడియేషన్; ఈ దశలో ఏదైనా పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి నయమవుతుందని డాక్టరు చెప్పారు. పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని. గడ్డ ఉన్న చోటును బట్టి రేడియేషన్‌తో మాట కాస్త మెరుగ్గా దక్కవచ్చనడంతో దానికే ఒప్పుకున్నాను.

పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదని చుట్టాలు బెదరగొట్టారు. అదేమీ లేదు. బయటి నుంచి ఇచ్చే కిరణాలు యంత్రంతో పాటే ఆగిపోతాయి, ఒంట్లో మిగలవు. నన్ను నిజంగా భయపెట్టింది మాస్కు. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్‌ను ముఖం మీద పరిచి అచ్చు తీస్తారు, తల కదలకుండా దాన్ని బల్లకు బిగిస్తారు. కిరణాలు పంపే లీనియర్ యాక్సిలరేటర్ యంత్రం రొదే తప్ప నొప్పి లేదు. వారానికి 5 రోజులు, రోజుకు 2 గ్రేలకు (గ్రే అంటే ఒంటికి అందే కిరణాల మోతాదుకు కొలమానం) కాస్త అటూఇటుగా. అంతా ఒకేసారి ఎందుకివ్వరని అడిగాను. కిరణాలు కణాల డీఎన్ఏను తెంపుతాయి, విరామంలో మంచి కణాలు దాన్ని బాగుచేసుకుంటాయి, క్యాన్సర్ కణాలకు ఆ పని అంతగా చేతకాదు అన్నారు.

సగం దాటాక అసలు కష్టం మొదలైంది. గుటక వేస్తే ముళ్లు మింగినట్టుండేది. మాట బాగుపడకపోగా పూర్తిగా పడిపోయింది. చికిత్స ముగిశాక కూడా కొన్నాళ్లు మంట పెరగవచ్చని ముందే ఒక మాట చెప్పి ఉండాల్సింది.

మధ్యలో యంత్రం చెడిపోయింది. పోయిన విడతను శనివారం పిలిచి ఇచ్చారు. గొంతు క్యాన్సర్లలో చికిత్స సాగదీస్తే మిగిలిన కణాలు మళ్లీ పుంజుకుంటాయి, అందుకే ఆ పట్టుదల. మరి యంత్రమే లేనిచోట? క్యాన్సర్ రోగుల్లో సుమారు సగం మందికి ఏదో ఒక దశలో రేడియేషన్ అవసరమవుతుంది. ఆఫ్రికాలో మాత్రం 20కి పైగా దేశాల్లో ఆ చికిత్సే లేదని, 2022లో ‘రేస్ ఆఫ్ హోప్’ (ఆశాకిరణాలు) అనే క్యాన్సర్ చికిత్స విస్తరణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పింది. నన్నడిగితే యంత్రం కొనడమే తేలిక. మోతాదు లెక్కగట్టే ఫిజిసిస్టు, మరమ్మతు చేసే ఇంజినీరు, నిలకడైన కరెంటు లేకపోతే అది ఉన్నా లేనట్టే.

నెలలు గడిచేకొద్దీ మాట తిరిగొచ్చింది. వెనక బెంచీ దాకా వినిపిస్తోంది కానీ పైస్థాయి అందదు. అరవడం మానేశాను, విద్యార్థులకు అదొక లాభం. చెకప్‌లు సాగుతున్నాయి. మెడకు కిరణాలు తగిలినవారికి థైరాయిడ్ మందగించవచ్చు కనుక ఆ రక్తపరీక్ష కూడా చేయించుకుంటున్నాను.