చౌడు నీళ్ళ సరస్సు దగ్గర అమ్మతో

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం అనగానే వానలూ పచ్చటి అడవులే అనుకుంటారు అందరూ, పోర్ట్‌లాండ్‌లో మేం రోజూ చూసేదీ అదే, కానీ కాస్కేడ్ కొండలు దాటి తూర్పుకి వెళ్తే మొత్తం ఎడారే, రాళ్ళూ పొదలూ ఎండా, అచ్చం మా అనంతపురం వైపు వెళ్ళినట్టే ఉంటుంది. పోయిన జులై చివర్లో అమ్మని తీసుకుని 395 హైవే మీద లేక్‌వ్యూ అనే ఊరి వైపు వెళ్తున్నాం. చాలాసేపు ఒక్క ఇల్లు కూడా కనపడలేదు, ఆ తర్వాత ఎడమ పక్కన ఏబర్ట్ రిమ్ మొదలైంది, 2,500 అడుగుల నల్లటి కొండ గోడ, కుడి పక్కన దాని కిందే ఏబర్ట్ లేక్. పొడవు సుమారు 15 మైళ్ళు, లోతు మాత్రం నిండుగా ఉన్నప్పుడు కూడా పదో పదకొండో అడుగులు, అంతే.

ఒడ్డున తెల్లగా పేరుకున్న పొర చూడగానే అమ్మ "చౌడు తేలిందిరా ఇక్కడ" అంది. అమ్మ చిన్నప్పుడు చౌడు మట్టితోనే బట్టలు ఉతికేవాళ్ళట. నీళ్ళలో చెయ్యి పెట్టి వేళ్ళు రుద్దుకుంటే నిజంగానే సబ్బు నీళ్ళలా జారుతున్నాయి. షివాకన్ నది నీళ్ళు ఇందులోకి వస్తాయి, బయటికి పోవడానికి మాత్రం దారి లేదు, ఎండకి నీరు ఆవిరైపోతుంది, ఉప్పూ సోడా ఉండిపోతాయి, వేల ఏళ్ళుగా ఇదే వరస.

చేపలు బతకవు కాబట్టి చచ్చిన నీళ్ళు అనుకున్నా ముందు. ఒడ్డు పొడుగునా నల్లగా ఉన్నది బురదేమో అని అడుగు వేశానో లేదో అదంతా ఒక్కసారి లేచింది, ఈగలు! మోకాలి ఎత్తుకి లేచి, పక్కకి జరిగి, మళ్ళీ వెనకాలే వాలిపోయాయి, ఒక్కటి కూడా మీద వాలలేదు, కుట్టలేదు. నీళ్ళలో అయితే గోరంత రొయ్యలు, దోసిట్లోకి తీసుకుంటే వెలకిలా ఈదుతున్నాయి. వీటి కోసమే వస్తాయి విల్సన్స్ ఫాలరోప్ అనే చిన్న పిట్టలు, నీళ్ళ మీద బొంగరంలా గిర్రున తిరుగుతూ కిందున్న తిండిని పైకి లాగి ముక్కుతో ఏరుకుంటాయి, ఇక్కడ కడుపునిండా తిని ఒళ్ళు చేసి దక్షిణ అమెరికా దాకా ఎగిరిపోతాయి.

బాధేంటంటే 2014లో, మళ్ళీ 2021, 2022ల్లో ఈ సరస్సు దాదాపు మొత్తం ఎండిపోయింది. కరువు ఒక కారణం, ఎగువన గడ్డి పొలాలకి నది నీళ్ళు మళ్ళించడం ఇంకో కారణం. నీరు తగ్గేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది, ఒక హద్దు దాటాక ఉప్పుకి అలవాటుపడ్డ ఆ రొయ్యలు కూడా తట్టుకోలేవు, అవి పోతే పిట్టలకి తిండి లేదు. మాదీ రైతు కుటుంబమే, బోరు ఎండిపోతే ఎలా ఉంటుందో తెలుసు, ఆ రైతుల మీద నాకు కోపం లేదు, కానీ నదిలో సరస్సుకి కూడా ఒక వాటా ఉండాలి కదా, అడగడానికి ఆ పిట్టలు ఏ ఆఫీసుకి వెళ్తాయి?

ఎండ నెత్తికెక్కింది, లేక్‌వ్యూ ఇంకా దూరం, వెళ్దామా అమ్మా అన్నా. అమ్మ కొంగు తలమీద కప్పుకుని నీళ్ళకేసే చూస్తూ "ఉండరా, ఇంకా తింటున్నాయి" అంది.