85 సెంటీమీటర్ల గీత

మొన్న గురువారం భువనేశ్వర్ నుంచి తిరిగి వచ్చాం. ఈ వానలకి పిల్లల తడి బట్టలు ఇంకా ఆరలేదు, నా కోపం కూడా చల్లారలేదు. ఇద్దరు చిన్నపిల్లలతో 8,000 రూపాయల లోపల నీళ్ల ఆటలూ, తిరిగే ఆటలూ ఉండే పెద్ద పార్కుకి వెళ్లి రావడం అయ్యే పనేనా అని పర్లాకిమిడిలో మా వీధివాళ్లు నలుగురు అప్పుడే అడిగారు. అవుతుంది. మాకు 7,640 అయింది. నేను వేసిన లెక్క ప్రకారం అయితే 6,700 దాటకూడదు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. పార్కు పేరు మాత్రం రాయను. తప్పు వాళ్లదని ఇప్పుడు గట్టిగా అనలేను కాబట్టి.

మా ఆయనది సహకార సంఘంలో గుమాస్తా ఉద్యోగం. నేను ఇంట్లో మిషను కుడతాను, 12 ఏళ్లుగా. ఉగాది నుంచి జాకెట్ల కూలిలో కొంత తీసి మిషను సొరుగులో వేస్తూ వచ్చాను. పెద్దవాడికి ఏడేళ్లు, చిన్నదానికి మూడు నిండాయి.

ఎప్పుడు వెళ్లాలన్న దగ్గరే మొదటి తగాదా. రథయాత్రప్పుడు వెళితే పూరీ, పార్కు రెండూ అయిపోతాయని మా తోడికోడలు సలహా. ఆ రోజుల్లో పూరీ వైపు వెళ్లే రైలులో పిల్లల్ని చంకనెత్తుకుని ఒంటికాలి మీద నిలబడాలి. ఆవిడ సలహాలు ఎప్పుడూ ఇంతే, మోసేది ఇంకొకరైతే అన్నీ సులువుగానే కనిపిస్తాయి. నేను వినాయక చవితి దాటిన తరువాతి వారం పెట్టాను. సెలవులు ఉండవు, వానకి జంకి జనం తక్కువ. సోమవారం ప్రయాణం, మంగళవారం పార్కు, బుధవారం పొద్దున నందన్‌కానన్ జూ, ఆ రాత్రికే తిరుగు రైలు. నందన్‌కాననుకి సోమవారం సెలవు. అది తెలియక సోమవారం అక్కడికి వెళ్లి మూసిన గేటు ముందు ఫొటో దిగి వచ్చినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

రైలు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గుణుపూర్ నుంచి పూరీ వెళ్లే బండి మా ఊరి మీదుగానే పోతుంది. 1900లో ఇక్కడి రాజుగారు చిన్న పట్టాలు వేయించిన దారే ఇది. 2011లో గుణుపూర్ దాకా పెద్ద పట్టాలు వచ్చినా మా అత్తగారికి ఇప్పటికీ ఇది రాజుగారి రైలే. నెమ్మదిగా పోతుంది, చవక. పూరీకి పోయే బండి కనుక భువనేశ్వర్ వెళ్లదు. ఖుర్దా రోడ్డులో దిగి ఇంకో రైలు పట్టుకోవాలి. పేరు చూసి ఖుర్దా ఊరు వచ్చేసిందని అనుకోకండి, ఆ స్టేషను ఉన్నది జట్నీలో. అయిదేళ్ల లోపు పిల్లలకి టికెట్టు అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు అయితే, పడక అడగకపోతే సగం. చిన్నదానికి సున్నా, పెద్దవాడికి సగం. రైలువాళ్లు వయసు చూస్తారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

బసకి మా ఆడపడుచు ఇల్లు ఉంది కదా అనుకున్నాం. "మీరు లాడ్జిలో దిగితే నేను ఊరుకోను వదినా" అని ఏడాదిగా అంటోంది. తీరా శనివారం ఫోను చేసి, వాళ్లాయన వైపు బంధువులు వస్తున్నారని చెప్పింది. నేను ఒక్క మాట అనలేదు. బరముండా బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది చిన్నదే కానీ దుప్పట్లు ఉతికినవి. వెళ్లేవాళ్లు ముందుగా దుప్పటి ఎత్తి చూసి, తరువాతే డబ్బు కట్టండి.

ఇక నేను గొప్పగా చెప్పుకోదగ్గది ఒకటుంది. నీళ్లలోకి దిగాలంటే నైలాన్ బట్టలు ఉండాలి, నూలు బట్టలు, చీరలు ఒప్పుకోరు. నూలు పోగులు ఊడి నీటిని శుభ్రం చేసే యంత్రాల్లో చేరతాయి. ఇది తెలియకుండా వెళ్లినవాళ్లు అక్కడి కొట్లో అడిగినంతా పోసి కొనుక్కోవాలి. నేను బరంపురం నుంచి సాగే నైలాన్ గుడ్డ రెండు మీటర్లు తెప్పించి పిల్లలిద్దరికీ మోకాళ్ల దాకా వచ్చేలా కుట్టేశాను. పెద్దవాడికి నీలం, చిన్నదానికి పసుపు. కుట్టు లోపలి వైపు ఒంటికి గీరుకోకుండా మడత పెట్టాను. పార్కులో ఒకావిడ అవి ఎక్కడ కొన్నారని అడిగింది. "నేనే కుట్టాను" అన్నాను. ఆ రోజు మొత్తంలో నేను తలెత్తుకుని అన్న మాట అదొక్కటే.

గేటు దగ్గర జరిగింది చెబుతాను.

పార్కులవాళ్లు వయసు చూడరు, ఎత్తు చూస్తారు. మేము వెళ్లిన చోట 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి ఉచితం. ఆపైన 140 దాకా పిల్లల టికెట్టు, అది దాటితే పెద్దల టికెట్టు. పెద్దవాడి సంగతిలో అనుమానమే లేదు. చిన్నదాన్ని మాత్రం బయలుదేరే ముందు మూడుసార్లు కొలిచాను. గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తి మీద అట్ట పెట్టి, పెన్సిలుతో గీత గీసి, నా టేపుతో చూశాను. మూడుసార్లూ 84 మీద ఏడు గీతలు. 85కి ఇంకా మూడు గీతలు తక్కువ. పిల్లల టికెట్టంటే నాకు నాలుగు జాకెట్ల కూలి. అది మిగిలినట్టే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఆ పొద్దున దానికి పిలక కూడా వేయలేదు.

గేటు పక్క గోడ మీద జిరాఫీ బొమ్మ, దాని మెడ పొడుగునా అంకెలు, 85 దగ్గర ఎర్ర గీత. మా చిన్నది ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక పక్కకి ఒరిగి నిలబడే రకం. జిరాఫీని చూసిందో లేదో సిపాయిలా బిగుసుకుంది. అక్కడ కొలిచే అమ్మాయి అరచేయి దాని నెత్తి మీద ఆనించి చూసి, ఎర్ర గీత దాటింది, టికెట్టు తీసుకోండి అంది.

"దాటదు" అన్నాను ఒడియాలో. "ఇంటి దగ్గర కొలిచాను."

"మా గోడ మీద దాటింది దీదీ."

ఇక్కడ నేను నోరు మూసుకుని డబ్బు కట్టి ఉండవలసింది. కానీ 12 ఏళ్లుగా కొలతలతో బతుకుతున్న మనిషిని, ఒక జిరాఫీ వచ్చి నాకు కొలత నేర్పడమా? సంచిలోంచి టేపు తీశాను. అవును, టేపు నా సంచిలోనే ఉంటుంది, పెళ్లికి వెళ్లినా ఉంటుంది. అక్కడే వంగి, మా వెనక ముప్పై మంది చూస్తుండగా పిల్లని మళ్లీ కొలిచాను. 84 మీద ఏడు. టేపు ఆ అమ్మాయి ముఖం ముందు పెట్టాను. మా ఆయన అప్పటికే రెండడుగులు దూరం జరిగి, ఎవరి తాలూకో అన్నట్టు చెట్లను చూస్తున్నారు.

ఆ అమ్మాయికి పౌరుషం వచ్చింది. పిల్లని మళ్లీ గోడకి ఆనించి, గడ్డం కింద వేలు పెట్టి, "ముండొ సిధా, ముండొ సిధా" అంది. ఒడియాలో ముండొ అంటే తల. తల తిన్నగా పెట్టమంటోంది. సరిహద్దులో పుట్టి పెరిగినవాళ్లం, మాకది చెవికి ఎక్కను కూడా ఎక్కదు. మా వెనక ఉన్నది మాత్రం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. అందులో పెద్దాయనకి అంతదాకా జరిగిందేమిటో తెలియదు, ఈ మాట ఒక్కటే తెలుగులా వినిపించింది. ఒక్కసారిగా ముందుకి వచ్చారు.

"పసిదాన్ని పట్టుకుని ఆ మాటేమిటమ్మా? నీకు పిల్లల్లేరా?"

"బాబాయిగారూ, ఆవిడ అన్నది తల గురించి" అన్నాను.

"నువ్వు ఊరుకో తల్లీ. ఇలా సర్దుకుపోబట్టే వీళ్లు ఇంతలా మాట్లాడుతున్నారు."

ఆయనకి ఒడియా రాదు, ఆ అమ్మాయికి తెలుగు రాదు. మధ్యలో నిలబడి ఇద్దరికీ అర్థం చెప్పవలసినదాన్ని నేను, నాకేమో కోపం. ఆయన గొంతు పెరిగింది. ఆయన భార్య "మీకెందుకండీ" అని చేయి పట్టి లాగుతోంది. వరుస ఆగిపోయింది. వెనక ఎవరో ఎగతాళిగా "దర్జీకి దారి ఇవ్వండి" అన్నారు, నలుగురు నవ్వారు. చిన్నది గోడకి ఆనుకుని అదే సిపాయి భంగిమలో కళ్లు మాత్రం తిప్పుతూ అందరినీ చూస్తోంది.

చివరికి లోపలి నుంచి ఒక పెద్ద ఉద్యోగి వచ్చాడు. అరవలేదు. "మీ గోడ తప్పు" అని నేను అంటే, "అయి ఉండవచ్చు" అని ఎవరితోనో చెప్పి ఇనుప టేపు తెప్పించాడు, వడ్రంగులు వాడేది. గోడ మీద పట్టి చూస్తే ఎర్ర గీత సరిగ్గా 85 దగ్గరే ఉంది. పిల్లని కొలిస్తే 86. అప్పుడు అతను, "మీ టేపు ఒకసారి ఇవ్వండి" అని అడిగాడు. టికెట్ల కిటికీ ముందున్న రాతి గట్టు మీద ఇనుప టేపు పరిచి, దాని పక్కన నాది పరిచాడు. సున్నా దగ్గర రెండూ కలిపి వేలితో నొక్కిపెట్టాడు. ఇనుప టేపు 100 చూపించే చోట నాది 98న్నర చూపిస్తోంది.

గుడ్డ టేపు ఏళ్ల తరబడి లాగి లాగి సాగిపోయింది. సాగిన టేపు మీద గీతలు ఎడమైపోతాయి, అందుకే కొలిచినది ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. కుట్టుపనివాళ్లకి అది తెలియనిది కాదు. మా గురువుగారు ఏడాదికి ఒక టేపు మార్చమనేవారు. నాది మార్చి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. టేపు కొసన ఉండే రేకు తొడుగు ఊడిపోతే దారంతో కుట్టుకుని మరీ వాడుతున్నాను.

టికెట్టు తీసుకున్నాను. ఆ అమ్మాయి ఏమీ అనకుండా చిన్నదాని చేతికి పట్టీ కట్టింది. ఏదైనా అని ఉంటే బాగుండేది. లోపలికి వెళ్లాక శ్రీకాకుళం పెద్దాయన మళ్లీ ఎదురుపడి, "వాళ్లకి బాగా బుద్ధి చెప్పాం తల్లీ" అన్నారు. ఆయనకి చివరిదాకా ఏమీ అర్థం కాలేదు. నమస్కారం పెట్టాను.

లోపల పిల్లలు మాత్రం హాయిగా ఆడుకున్నారు. అలల కొలనులో పెద్దవాడిని బయటికి లాగడానికి ఇద్దరం కావలసి వచ్చింది. ఒకటి తెలుసుకుని వెళ్లండి. ఎత్తయిన ఆటలకి ఎత్తు నిబంధనలు ఉంటాయి, నాలుగడుగుల లోపు పిల్లల్ని చాలావాటికి రానివ్వరు. పెద్దల టికెట్టు కొన్న మేమిద్దరం వంతులవారీగా చెప్పులకీ తువ్వాళ్లకీ కాపలా కాశాం. మా ఆయన ఒక్కసారి పెద్ద జారుడుబల్ల ఎక్కి, దిగాక అరగంట మాట్లాడలేదు. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే రెండేళ్లు ఆగి వెళ్లడమే మంచిదని నాకు అనిపించింది. బయటి తిండి లోపలికి రానివ్వరు, మేము పులిహోర బస్సులోనే తినేశాం. మధ్యాహ్నం రెండింటికి వాన దంచి కొట్టింది, ఎత్తయిన ఆటలన్నీ ఆపేశారు. పిల్లలకి అది కూడా పార్కువాళ్లు పెట్టిన ఆటే అనిపించింది.

బుధవారం నందన్‌కానన్. 1960లో పెట్టిన జూ, తెల్ల పులులకి పేరు. అక్కడ పెట్టిన డబ్బుకి నాకు రూపాయి బాధ లేదు. చిన్నది తెల్ల పులి దగ్గర కన్నా కోతుల దగ్గర ఎక్కువసేపు నిలబడింది. నిజం జిరాఫీని చూసి, "దీని మీద అంకెలు లేవేమిటి?" అని అడిగింది. మా ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకున్నారు.

తిరుగు రైలుకి సమయం ఉంటే స్టేషను బయట కొట్లో కొత్త టేపు కొన్నాను. ఇంటికి వచ్చాక కూడా ఆ 98న్నర నన్ను వదలలేదు. మనిషిని ఈ టేపుతోనే కొలిచి, ఈ టేపుతోనే గుడ్డ కత్తిరిస్తే తేడా రాదు, తప్పుకి తప్పు సరిపోతుంది. ఇంకో దర్జీ రాసిచ్చిన కొలతలు పట్టుకొచ్చినవాళ్ల జాకెట్లే వదులవుతాయి. 36 అంగుళాల దగ్గర అరంగుళానికి పైనే.

పోయిన దసరాకి ఒక టీచరమ్మ విశాఖపట్నం దర్జీ రాసిచ్చిన చీటీ తెచ్చింది. కుట్టిన మూడు జాకెట్లూ వదులుగా ఉన్నాయని రెండుసార్లు తిరిగి వచ్చింది. నా కొలత తప్పదని, ఆవిడే చిక్కిపోయిందని చెప్పాను. ఆవిడ సంతోషంగా వెళ్లిపోయింది.

నిన్న సాయంత్రం మళ్లీ వచ్చింది. ఈ దసరాకి నాలుగు జాకెట్లు, అదే చీటీ. నెల రోజులుగా పొద్దున్నే నడుస్తోందట, ఇంకా తగ్గానా అని అడిగింది. కొత్త టేపుతో కత్తిరించి పెట్టాను. పోయిన ఏటివాటి కంటే అరంగుళం బిగువుగా వస్తాయి. ఆదివారం వచ్చి తొడిగి చూసుకుంటానంది. అప్పుడు ఏమని చెప్పాలో ఆలోచిస్తున్నాను.