అన్నయ్య హోమ్ లోన్, రెపో రేటు

ఎం.ఏ. ఎకనామిక్స్‌లో ద్రవ్య విధానం పేపర్ మొదలైనప్పుడు వడ్డీకీ, ఆదాయానికీ ఉన్న సంబంధం చూపించే ఐఎస్-ఎల్ఎమ్ గీతలు చకచకా గీసేదాన్ని. రెపో రేటు అంటే ఏంటని అడిగితే, బ్యాంకులకిచ్చే స్వల్పకాల అప్పు మీద రిజర్వ్ బ్యాంక్ తీసుకునే వడ్డీ అని టక్కున చెప్పేదాన్ని. అది మా ఇంట్లోకి ఏ దారిన వస్తుందో మాత్రం తెలిసేది కాదు. ఆ దారి అన్నయ్య హోమ్ లోన్ దగ్గర కనిపించింది.

2021లో తీసుకున్నాడు. 25 లక్షలు, 20 ఏళ్లు, 6.9 శాతం వడ్డీ, ఈఎంఐ 19,233. అప్పుడు రెపో 4 శాతం. 2022 మే 4న, ముందుగా ప్రకటించిన సమావేశం తేదీ కాకపోయినా, రిజర్వ్ బ్యాంక్ దాన్ని 4.40కి పెంచింది, అక్కణ్ణుంచి పెంచుకుంటూ పోయి 2023 ఫిబ్రవరికి 6.50 చేసింది. అన్నయ్య లోన్ రెపోకి ముడిపెట్టినది కాబట్టి ఆ రెండున్నర శాతం పూర్తిగా వచ్చి మీద పడింది. ఈఎంఐ మాత్రం మారలేదు, అందుకే అన్నయ్య పట్టించుకోలేదు.

ఒక ఆదివారం స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చున్నాం. బాకీ సుమారు 24 లక్షలు, వడ్డీ 9.4 శాతం, అంటే ఒక్క నెల వడ్డీయే 18,800. కట్టేది 19,233. అసలులో తగ్గేది 433 రూపాయలు! ఇలాగే వదిలేస్తే తీరడానికి ఇంకా 40 ఏళ్లు. వదిన నమ్మలేక ఫోన్ లాక్కుని మళ్లీ కొట్టి చూసింది. ఇలాంటప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది కస్టమర్‌నే ఎంచుకోనివ్వాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. అదే సమయంలో అమ్మ ఎఫ్‌డీకి మాత్రం గడువు తీరేదాకా పాత వడ్డీయే. రెపో మార్పు మామూలు జనం వడ్డీల దాకా చేరడాన్ని పుస్తకంలో ట్రాన్స్‌మిషన్ అని రెండు పేజీల్లో చదివింది మా ఇంట్లో ఇలా జరిగింది.

మరి ఆ వడ్డీ చేరని చోటు కూడా ఉంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి, చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి వెళ్లింది. రిజర్వ్ బ్యాంక్ లక్ష్యం 4, పై హద్దు 6. రెపో ఇంకా పెంచాల్సిందేనని సెమినార్‌లో గట్టిగా వాదించాను. రేటు పెంచితే మదనపల్లె మార్కెట్‌కి లారీలు ఎక్కువ వస్తాయా అని సార్ అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి ధరల సూచీలో ఆహారం, పానీయాల వాటా 45.86 శాతం, కొత్త పంట వస్తే దిగే ధర అది, అందుకే ఆగస్టులో, రెపో ఎంతో తేల్చే ద్రవ్య విధాన కమిటీ దాన్ని కదపలేదు. 2022లో సంగతి వేరు, ద్రవ్యోల్బణం ఏప్రిల్‌లో 7.79 ఉండగా రెపో 4 దగ్గరే ఉంది, దాచుకున్న డబ్బు విలువ కరిగిపోతోంది, అందుకే అప్పుడు పెంచారు.

ఈ తేడా నాకు నోట్స్‌లో దొరకలేదు, కమిటీ సమావేశమైన 14వ రోజున వచ్చే మినిట్స్‌లో, అంటే ఆ సమావేశం రికార్డులో దొరికింది. ఆరుగురు సభ్యులూ ఎటు ఓటేశారో, ఎందుకేశారో ఎవరిది వాళ్లే రాస్తారు. ఈ పేపర్ చదివేవాళ్లు గైడ్ పక్కన పెట్టి ముందు అవి చదవండి.

2025లో రెపో 6.50 నుంచి 5.25కి దిగింది. అన్నయ్య ఈసారి తనే బ్యాంకుకి వెళ్లి, ఈఎంఐ తగ్గించొద్దు, నెలలు తగ్గించండి అని రాసిచ్చి వచ్చాడు.