సెట్టులో ఇమడని క్లారినెట్

"వాయింపు బాగానే ఉంది గానీ మా సెట్టుకి కుదరదయ్యా" అనే మాట గోదావరి జిల్లాల బ్యాండు మేళాల్లో కొత్తేమీ కాదు. సెట్టంటే కలిసి వాయించే జట్టు. ఆ మాట పడ్డ క్లారినెట్ కుర్రాడు తన విద్యే తక్కువనుకుని సాధన ఇంకో రెండు గంటలు పెంచుకుంటాడు. అది వృథా శ్రమ. కుదరని చోటు ఎక్కడుందో తెలియకుండా ఎంత సాధన చేసినా అదే తేడా ఇంకాస్త గట్టిగా వినిపిస్తుందంతే. నా లెక్కలో పదిలో ఆరేడుసార్లు తేడా శ్రుతిలోనే ఉంటుంది. కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

మన దగ్గర శ్రుతిని అంకెల్లో చెప్పుకుంటాం. పాశ్చాత్య స్వరాల పేర్లలో ఒకటి అంటే సి, ఐదంటే జి, ఐదున్నరంటే జి షార్ప్. షార్ప్ అంటే అర మెట్టు పైన, ఫ్లాట్ అంటే అర మెట్టు కింద. బ్యాండుల్లో ఎక్కువగా వాడేది బి ఫ్లాట్ క్లారినెట్. దాని మీద సి పట్టు పట్టి ఊదితే క్యాసియో కీబోర్డు మీద బి ఫ్లాట్, అంటే ఆరున్నర పలుకుతుంది. కీబోర్డు మనిషి "ఒకటి" అన్నాడంటే క్లారినెట్ డి నుంచి అందుకోవాలి, ఆల్టో సాక్సాఫోన్ 'ఏ' (A) నుంచి అందుకోవాలి. ఇది తెలియని వాడు చెవితో వెతుక్కుంటూ పల్లవి సగంలో వచ్చి కలుస్తాడు. బ్యాండు మాస్టారికి అది ఆలస్యంగా కనిపిస్తుంది, "వీడికి పాట రాదు" అనుకుంటాడు. పాడే అమ్మాయి ఐదు అందంటే క్లారినెట్‌కి 'ఏ' (A), ఆల్టోకి 'ఈ' (E) పడతాయి. అంటే ఆ వరసల్లో మూడు షార్పులు, నాలుగు షార్పులు వస్తాయి. అదే ఐదున్నర అయితే క్లారినెట్‌కి బి ఫ్లాట్, ఆల్టోకి ఎఫ్. రెండు ఫ్లాట్లు, ఒక ఫ్లాట్. కీబోర్డు మీద నల్ల మెట్లు చూసి ఐదున్నరకి భయపడతారు గానీ ఊదేవాళ్లకి ఐదు కన్నా ఐదున్నరే సుఖం. గొంతుకి ఇబ్బంది లేదంటే ఆ అర మెట్టు పెంచమని అడగడంలో తప్పులేదు.

శ్రుతి పేరు కుదిరినా స్థానం కుదరకపోవచ్చు. గొట్టంలో గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కితే స్వరం సుమారు 3 సెంట్లు పైకి పోతుంది. అర స్వరానికి 100 సెంట్లు. ఊపిరి వేడి లోపల ఉంటుంది కనక వాతావరణం ఎంత మారితే శ్రుతి అంత మారదు గానీ, తేడా మాత్రం చెవికి తెలుస్తుంది. క్యాసియో ధనుర్మాసం తెల్లవారుజామున ఎంత పలుకుతుందో వైశాఖం మిట్టమధ్యాహ్నం ఎండలోనూ అంతే పలుకుతుంది. అందుకని మంచులో క్లారినెట్ కిందికీ ఎండలో పైకీ జారినట్టు ఉంటుంది. పెట్టెలోంచి తీసిన వెంటనే శ్రుతి సరిచూడొద్దు. పది నిమిషాలు ఊది, ఆ తర్వాత ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూడండి. మొదట వేళ్లన్నీ తీసి జి ఊదండి. ఎక్కువుంటే మౌత్‌పీసు కింద ఉండే బ్యారెల్‌ని ఒక మిల్లీమీటరు పైకి లాగండి, మరీ కావాలంటే రెండు. తర్వాత రంధ్రాలు దాదాపు అన్నీ మూసి పైస్థాయి సి ఊదండి. ఇంకా ఎక్కువుంటే మధ్య అతుకు దగ్గర కొంచెం లాగాలి. మొత్తం బ్యారెల్ దగ్గరే లాగేస్తే జి, 'ఏ' లాంటి పొట్టి స్వరాలు మరీ దిగిపోతాయి, కింది స్వరాలు మాత్రం అంతగా కదలవు. ఎండాకాలం కోసం ఒకటి, చలికాలం కోసం ఒకటి, రెండు కొలతల బ్యారెళ్లు దగ్గర పెట్టుకోవడం మంచి అలవాటు. మామూలుగా వచ్చేది 65, 66 మిల్లీమీటర్లది. 64ది ఉంటే చలిలో పనికొస్తుంది.

ఇంట్లో సరిపోయిన శ్రుతి వీధిలో సరిపోకపోవడానికి ఇంకో కారణం ఉంది. వేణువు గట్టిగా ఊదితే స్వరం పైకెళ్తుంది. క్లారినెట్ దానికి ఎదురు. గట్టిగా ఊదితే కిందికి దిగుతుంది. ఊరేగింపులో డ్రమ్ముల మీద వినపడాలని బుగ్గలు పూరించి ఊదేవాడు తనకి తెలియకుండానే సెట్టు కన్నా కింద పలుకుతుంటాడు. రీడు, అంటే మౌత్‌పీసుకి బిగించే పలచటి బద్ద, రెండో నంబరు మెత్తటిదైతే అది ఇంకా దిగుతుంది, గొంతు కూడా కీచుమంటుంది. రెండున్నర గానీ మూడు గానీ వాడితే గట్టిగా ఊదినా నిలబడుతుంది. కాకపోతే కొత్త రీడుతో నేరుగా పెళ్లికి వెళ్లకూడదు. రోజుకి పది నిమిషాల చొప్పున నాలుగైదు రోజులు ఊది పదును పెట్టుకోవాలి. డెల్టా తేమకి రీడు త్వరగా వంకర పోతుంది. చదునైన పెట్టెలో, నున్నటి అద్దం ముక్క మీద రీడు చదును వైపు ఆనేలా పెడితే వంగదు. మూడు, నాలుగు రీడ్లు మార్చి మార్చి వాడుకోవాలి.

సెకండ్ హ్యాండులో కొన్న పాత క్లారినెట్ అయితే వెనక వైపు ముద్ర చూడండి. "హెచ్ పి" అని ఇంగ్లీషు అక్షరాలు ఉంటే అది హై పిచ్ వాయిద్యం. ఒకప్పుడు బ్రిటిషు సైనిక బ్యాండ్లు 'ఏ' (A) స్వరాన్ని సెకనుకి సుమారు 452 కంపనాల దగ్గర పెట్టుకునేవి. ఇప్పటి లెక్క 440, అది 1939లో లండన్ సమావేశంలో ఒప్పుకున్నది. ఆ పాతదానికీ ఇప్పటి కీబోర్డుకీ సుమారు అర స్వరంలో సగం తేడా. బ్యారెల్ ఎంత లాగినా ఇది దారికి రాదు, ఎందుకంటే రంధ్రాల మధ్య దూరమే వేరు. ఒక స్వరం సరిచేస్తే ఇంకోటి తప్పుతుంది. ఇలాంటి వాయిద్యం చేతిలో పెట్టుకుని "నాకు చెవి లేదు" అని ఏళ్ల తరబడి బాధపడటం చాలా అన్యాయం.

మంద్రంలో స్వరం ఆలస్యంగా పలికితే కూడా సాధన లోపమనే అంటారు. ప్యాడ్, అంటే కీ కింద రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ల, గాలి వదులుతోందేమో చూసుకోండి. పై సగాన్ని విప్పి, రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, అడుగు అరచేతితో మూసి, పైనుంచి నోటితో గాలి పీల్చి పట్టాలి. మూడు, నాలుగు సెకన్లు ఆ బిగువు నిలవాలి. నిలవకపోతే ఒక్కో ప్యాడ్ కింద సిగరెట్టు కాగితం ముక్క పెట్టి, మూసి, మెల్లగా లాగండి. ఏ వైపు వదులుగా జారి వచ్చేస్తుందో ఆ వైపే గాలి పోతోంది.

వాయిద్యంలో లోపం లేకుండా, మనిషిలో లోపం లేకుండా కూడా కుదరకపోవచ్చు. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, దగ్గర వచ్చేది అలాంటిదే. కర్ణాటక సంగీతం గురువు దగ్గర నేర్చుకున్నవాడు రి మీంచి గ మీదికి జారుతూ వెళ్తాడు. పక్కనున్న క్లారినెట్ నాలుకతో కొట్టి గ మీద నిలబడుతుంది. ఇద్దరూ ఒప్పే, కలిసి వింటే ఇద్దరూ తప్పే. పదమూడు కీల ఆల్బర్ట్ పద్ధతి క్లారినెట్ మీద వేలు సగం జరిపి జారడం సులువు. పదిహేడు కీలు, ఆరు రింగుల బోహ్మ్ పద్ధతిలో ఆ రింగు అడ్డొస్తుంది, జారుడుకి అదనపు సాధన కావాలి. ఇద్దరి దగ్గరా చెరో రకం ఉంటే జారుళ్లు ఎప్పటికీ ఒకేలా రావు. దీనికి రాజీ ఒక్కటే. పల్లవి ఇద్దరూ నిలువుగా ఊదాలి. చరణంలో ఒకరు గమకంతో నడిస్తే రెండోవాళ్లు స, ప పట్టుకుని నిలబడాలి. మాస్టారు దీనికి ఒప్పుకోకపోతే ఆ సెట్టుకి గమకం అక్కర్లేదన్నమాట.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి తండ్రి క్లారినెట్ వాయించేవారు. మామూలు మాండలిన్‌కి జతలు జతలుగా ఎనిమిది తీగలు, మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది, గమకానికి అసలు లొంగదు. శ్రీనివాస్ గారు ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. కచేరికి పనికిరాదనుకున్న వాయిద్యం అలా కచేరిలో ముందు వరసలోకి వచ్చింది. గమకం వదులుకోలేనివాడు వాయిద్యాన్నే మార్చుకునే ఈ దారి గురించి కూడా ఆలోచించాలి.

లయ సంగతి తక్కువలో చెబుతాను. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. బేస్ డ్రమ్ముకి 17 మీటర్ల దూరంలో నడిచేవాడికి దెబ్బ సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. అది విని ఊదితే అతని స్వరం అంతే ఆలస్యంగా వెనక్కి చేరుతుంది. డ్రమ్ము దగ్గరున్న మాస్టారికి మొత్తం పదో వంతు సెకను తేడా. "వీడు వెనకబడుతున్నాడు" అన్న ఫిర్యాదులో సగం ఇదే. డ్రమ్ముకి మూడు, నాలుగు మీటర్లలో నడవండి. కుదరకపోతే చెవిని నమ్మకుండా డ్రమ్ము పుల్ల కదలికని చూస్తూ ఊదండి. నిజంగా పరిగెడుతున్నామా అని తేల్చుకోవాలంటే రికార్డు చేసి పాట మొదట్లో, చివర్లో 15 సెకన్ల దెబ్బలు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయాలి.

ఇవన్నీ సరిచేసుకున్నా కుదరకపోతే చోటు మారడమే మంచిది. కనుమనాడు కోనసీమ జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చేలకి అడ్డంపడి వస్తుంటే, ఆ బాణసంచా, ఆ కేకల మధ్య పాట వరసకి వేసే సన్నటి సంగతి ఎవరికీ అందదు. అక్కడ కావలసింది ఊపిరి, నిలువు స్వరం. సంగతులు బాగా పలికేవాడు హరికథ పక్కనో భజన గోష్ఠిలోనో రాణిస్తాడు. అక్కడ పాడేవారి వెనక మెత్తగా నడవడమే పని. నొటేషన్ చూసి వాయించగలిగి, విని అందుకోలేనివాడికి చర్చి కోయిర్లు అనువుగా ఉంటాయి. ఊరేగింపు బాణీకి అలవాటుపడ్డ గట్టి ఊదుడువాడు అక్కడ మొదటి రోజే ఇబ్బందిపడతాడు, అదీ నిజమే.

వెళ్లేటప్పుడు మాత్రం పద్ధతిగా వెళ్లాలి. ముహూర్తాలకి అడ్వాన్సు పుచ్చుకున్నాక మధ్యలో మానేస్తే ఆ సెట్టులో అందరి కూలీ దెబ్బతింటుంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కనక అప్పుడు చెప్పడం మంచిది. శ్రావణం లోపు మాస్టారు ఇంకొకర్ని చూసుకుంటాడు. యూనిఫాం ఉతికించి ఇచ్చెయ్యండి. మీరు వాయించిన పాటల వరస ఒక కాగితం మీద రాసివ్వండి. ప్రతి పాటకీ ఎదురుగా శ్రుతి అంకె, క్లారినెట్ ఎక్కణ్ణుంచి అందుకోవాలో ఆ స్వరం, రెండో చరణంలో కీబోర్డు మెట్టు మారిస్తే ఆ సంగతీ ఉండాలి. తర్వాత వచ్చేవాడు ఆ కాగితం పట్టుకుని మొదటి పెళ్లిలోనే అందుకుంటాడు.