ఆర్కే బీచ్ నవ్వులు: ఆరు వారాల పని లెక్క

పని ఇది: విశాఖ ఆర్కే బీచ్‌లో సంతోషంగా కనిపించే మనుషుల్ని ఫొటో తీయడం, వాటిలో పన్నెండు ఎంచి నీటిరంగుల్లో వేయడం. ఆరు వారాలకి నాలుగు బొమ్మలు పూర్తయ్యాయి. రెండు పాడయ్యాయి. మిగతా ఆరూ పెన్సిల్ గీతల దగ్గరే ఉన్నాయి.

ఒకటి, రెండు వారాలు: వెలుతురు

మనకి సముద్రం తూర్పున ఉంది కాబట్టి పొద్దున్న రోడ్డు వైపు నుంచి తీస్తే మనుషులు నల్లటి నీడల్లా పడతారు. తడి ఇసుక అంచుకి దిగి, సముద్రానికి వీపు పెట్టి తీస్తే మొహాల మీద ఎండ ఉంటుంది. చిక్కు అక్కడే. ఎండ కొడితే జనం కళ్లు చికిలిస్తారు. చికిలించిన కన్నూ నవ్విన కన్నూ ఫొటోలో ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పొద్దు పొడిచిన పావుగంట లోపు తీసినవే పనికొచ్చాయి.

సాయంత్రం చాలా నయం. సూర్యుడు ఊరి వెనక్కి, బిల్డింగుల చాటుకి పోయాక ఇసుకంతా నీడ. సముద్రం మీది ఆకాశం మాత్రం ఇంకా వెలుగుతూ ఉంటుంది. మొహాల మీద గట్టి నీడలు ఉండవు, కళ్లు మామూలుగా తెరుచుకుంటాయి. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 50 ఎంఎం లెన్సు, లెన్సు రంధ్రం ఎఫ్/4, షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, వెలుతురుని గ్రహించే ఐఎస్ఓ 400 నుంచి 800. మూడు మీటర్ల దూరంలో నిలబడితే నడుం పైభాగం ఫ్రేములో సరిపోతుంది. పిల్లలైతే ముందు పెద్దవాళ్లని అడగాల్సిందే. అడిగితే నవ్వు పోతుంది, నిజమే. పది నిమిషాలు అక్కడే తచ్చాడితే కెమెరాని మర్చిపోతారు, అప్పుడు తిరిగొస్తుంది.

చీకటి పడ్డాక మురీ మిక్చర్ బండి దగ్గర తీసినవి సగం పోయాయి. మొహాల మీద అడ్డంగా నల్ల చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకని చవక ఎల్ఈడీ బల్బు సెకనుకి వందసార్లు మినుకుతుంది. వేగంగా తీస్తే ఆ మినుకు చారలై పడుతుంది. షట్టర్ 100వ వంతుకో 50వ వంతుకో దించితే చారలు పోయాయి. చేతులు కాస్త అలికినట్టు వచ్చాయి, అదే బాగుంది.

ఇంకొకటి. ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని నేరుగా బీచ్‌కి పోతే లెన్సు మీద ఆవిరి పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచాలి. ఇంటికొచ్చాక ఫిల్టర్‌ని పొడిగుడ్డతో రుద్దకూడదు, ఉప్పు గీస్తుంది. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిది.

మూడో వారం: ఎంపిక

ఇక్కడే ఎక్కువ రోజులు పట్టింది. వరుసగా తీసిన ఫ్రేముల్లో నవ్వు పతాకస్థాయిలో ఉన్నదాన్ని ఎంచడం సహజం, కానీ అది తప్పు. కళ్లు మూసుకుపోయి, చిగుళ్లు బయటపడి, ఆ మొహం నొప్పితో అరుస్తున్నట్టుంటుంది. కదలికలో చూసినప్పుడు మనకలా అనిపించదు, ఆపి చూస్తేనే. దానికి ఒకటి రెండు ఫ్రేముల ముందుదో, నవ్వు దిగుతున్నప్పటిదో తీసుకోవాలి.

ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్ ముఖ కండరాలకి కరెంటు తగిలించి ఫొటోలు తీయించి 1862లో ప్రచురించాడు. పెదవుల కొసలు పైకి లాగే కండరాన్ని మన ఇష్టంతో కదపగలం, కంటి చుట్టూ ఉండేది మాత్రం నిజమైన సంతోషానికే కదులుతుందని ఆయన తేల్చాడు. తర్వాతివాళ్లు దాన్ని కొంత సవరించారు, నటనలో కూడా అది కదలగలదని. అయినా ఎంపికకి ఇది మంచి కొలబద్ద: ప్రింటు మీద నోటిని వేలితో మూసి చూడాలి. కింది రెప్ప ఉబ్బి కాస్త పైకి జరిగి ఉంటే ఉంచాలి, లేకపోతే పక్కన పెట్టాలి. సెల్ఫీ తీసుకుంటున్నవాళ్లు దాదాపు అందరూ ఈ పరీక్షలో పోయారు.

నాలుగు నుంచి ఆరు వారాలు: రంగులు

4×6 అంగుళాల ప్రింటు మీద అరంగుళం గళ్లు, కాగితం మీద అంగుళం గళ్లు. బొమ్మ 8×12 వస్తుంది. 11×15 కాటన్ కాగితం, 300 జీఎస్ఎం, చుట్టూ అంగుళంన్నర అంచు మిగులుతుంది. ఈ లెక్కన మొహం రెండంగుళాలు, నోరు అరంగుళం. ఆ అరంగుళంలోనే రెండు బొమ్మలు పాడయ్యాయి.

మొదటిదానిలో పళ్లకి కాగితం తెలుపు వదిలేశాం. మొహమంతా గోధుమరంగు కావడంతో అవి కట్టుడుపళ్లలా ముందుకొచ్చాయి. రెండోదానిలో పంటికీ పంటికీ మధ్య గీత పెట్టాం, దంతాల డాక్టరు బోర్డు అయి కూర్చుంది. ఇప్పుడు చేసేది: యెల్లో ఓకర్‌లో (మట్టిపసుపు) చుక్క అల్ట్రామరీన్ (ముదురు నీలం) కలిపి బాగా పలచన చేసి పళ్లన్నిటినీ ఒకే పట్టీగా వేయడం, నోటి మూలలు మాత్రం ముదురు చేయడం. గీతలు లేవు.

ఒంటిరంగుకి మొదటి పూత యెల్లో ఓకర్, బర్ంట్ సియెన్నా (ఎర్రగోధుమ). నీడకి బర్ంట్ సియెన్నా, అల్ట్రామరీన్. నలుపు వాడితే మసి పూసినట్టుంటుంది. సాయంత్రం ఫొటోల్లో నుదురు, ముక్కు మీది మెరుపు తెలుపు కాదు, ఆకాశపు నీలం. అక్కడ నీలం చాలా పలచగా తగిలిస్తేనే అది బీచ్ మొహం అవుతుంది.

నాలుగో బొమ్మ ఒక పెద్దావిడది. అల పాదాలకి తగిలిన క్షణం, ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది, పెదవులు సగం విడివడ్డాయి. కంటి కింద మడత మొదట గట్టి గీతగా పడి ఆవిడ నిద్రలేనట్టు తయారైంది. తడి బ్రష్షుతో గీత పై అంచు అలాగే ఉంచి కింది అంచు కరిగిస్తే రెప్ప ఉబ్బింది. వడ్డాది పాపయ్య చందమామ అట్టబొమ్మల్లో చూడండి, వాలిన రెప్పా మెడ వంపూ ఎంత పని చేస్తాయో. ఆ కుచ్చిళ్లు పట్టుకున్న వేళ్ల బిగువుకి మేమూ మొహానికి పట్టినంత సమయం పెట్టాం.

మన తేమకి పూత ఆరడం ఆలస్యం. ఆరిందనుకుని రెండో పూత వేస్తే క్యాలీఫ్లవర్ మచ్చలు వస్తాయి. చేతి వెనకభాగం ఆనిస్తే చల్లగా ఉందంటే ఇంకా తడే. తడి మెరుపు పోయాకే హేర్ డ్రయ్యర్, అడుగు దూరం నుంచి. విప్పిన కాగితం కట్టని, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి గాలి చొరకుండా మూసి ఉంచాలి. లేకపోతే కాగితానికి ముందే పట్టించి ఉండే జిగురు పూత (సైజింగ్) చెడి, రంగు అద్దుడుకాగితంలోకి పోయినట్టు చుక్కలుగా ఇంకిపోతుంది.

ఐదోది బల్ల మీద టేపు వేసి ఉంది. మొక్కజొన్న పొత్తు తింటున్న కుర్రాడు, నోరు పొత్తు చాటున ఉంది. కళ్లొక్కటే వేయాలి.